అమ్మీకి తగిలింది అసర్ కాదు

మా ఆదోని గల్లీల్లో ముసలోళ్ల మీద విసిరే మాట ఒకటుంది. సఠియా గయే. సాఠ్ దాటినోళ్ల అఖల్ తిరగబడుతుందని దానర్థం. తెలుగు వైపు నుంచి వస్తే చాదస్తం అంటారు, ఇంకాస్త కోపమొస్తే మతి చెడింది అంటారు. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. రెండు జబాన్ల లుగత్‌లూ నా బీరువాలో పక్కపక్కనే ఉంటాయి. రెండింట్లోనూ వెతికాను. అమ్మీకి వచ్చినదాన్ని సాఫ్‌గా ఒక మర్జ్ అని చెప్పే లఫ్జ్ దొరకలేదు. నిస్యాన్ అనే మంచి అరబీ మాట ఉంది గానీ, అది తాళంచెవి ఎక్కడ పెట్టామో మర్చిపోయే మామూలు మరుపు. మిగతావన్నీ తిట్లో, ఎగతాళో.

అమ్మీకిప్పుడు 74. మైకా జొన్నగిరి, తుగ్గలి మండలం. ఏటా జూన్‌లో పేపర్లకెక్కే ఊరే. తొలకరి పడగానే ఎక్కడెక్కడి జనమో సద్ది కట్టుకొని వచ్చి ఆ చేలల్లో వజ్రాలు ఏరుకుంటారు. ఆ ఖబర్ నేనెన్నిసార్లు రాశానో లెక్క లేదు. అమ్మీ చిన్నప్పుడు మర్హూమ్ మామూజాన్ చెయ్యి పట్టుకొని అవే చేలల్లో తిరిగింది. హీరా దొరకలేదు గానీ తెలుగు దొరికింది. కూలికొచ్చే ఆడోళ్ల పక్కన వంగి రాళ్లు ఏరుతూ నేర్చుకున్న పక్కా సీమ తెలుగు. ఇంట్లో దఖ్నీ, చేలో తెలుగు.

నాలుగేళ్ల కింద ఖట్టీ దాల్‌లో ఉప్పు రెండుసార్లు పడటంతో మాకు తెలిసొచ్చింది. తర్వాత జొహర్ చదివి, జానమాజ్ మడిచి, పది నిమిషాలకు మళ్లీ జొహర్‌కే పరిచేది. ఆ తర్వాత తెలుగు జారిపోవడం మొదలైంది. పక్కింటి ఆమె "ఏమత్తా, బువ్వ తింటివా?" అంటే అమ్మీ నవ్వి "హౌ, ఖాలీ" అంటుంది. అర్థమవుతుంది, జవాబు మాత్రం ఆ జబాన్‌లో రాదు.

పోయిన ఏడాది మొదటి వాన పడ్డ పొద్దున ఇంట్లో అమ్మీ లేదు. రెండు గంటలు వెతికాం. పత్తికొండ బస్సులు నిలబడే చోట, ఒళ్లో దస్తీ పరుచుకొని, తడిసిపోయి కూచోనుంది. "పానీ పడ్యా. భాయ్ ఖేత్ మే ఖడే హైఁ, పత్థరాఁ చున్నేకు జానా" అంది. మామూజాన్ పోయి ఇరవై ఏళ్లు దాటింది. భాయిజాన్‌కు భయం కోపంగా మారింది. "జాన్ బూఝ్ కే కర్తీ" అన్నాడు. మొహల్లాలో ఇంకో మాట నడిచింది: అసర్. పాడుబడ్డ చేను, వాన, ఒంటరి ఆడది, ఇంకేం కావాలి? ఎవరో ఒకాయన్ను పిలిపించారు. లోబాన్ పొగ వేశాడు, తావీజ్ కట్టాడు, ఐదు వేలు పట్టుకెళ్లాడు. దువా మీద నాకు పేచీ లేదు, అమ్మీ తల మీద చెయ్యి పెట్టి రోజూ సూరాలు చదివే ఇల్లే మాది. రేటు కట్టి అమ్మే షిఫా మీదే నా పేచీ.

కర్నూల్లో న్యూరాలజిస్టు స్కాన్ చూసి అల్జైమర్స్ అన్నాడు. "మెదడులో ప్రోటీన్ పేరుకుపోతుంది పెద్దాయనా" అని భాయిజాన్‌కు చెప్పాడు. భాభీ అక్కడే అడిగింది: "తో గోష్ట్ బంద్ కర్నా క్యా?" డాక్టర్ నవ్వాడు. నాకు మాత్రం అది ఆ రోజు అడిగిన వాటన్నిట్లోకీ మంచి సవాల్ అనిపించింది. మనకు ప్రోటీన్ అంటే గోష్ట్, గుడ్డు, కందిపప్పు. అది దిమాగ్‌లో ఎందుకు పేరుకుంటుంది? ఎలా? నేను చదవడం అక్కడ మొదలుపెట్టాను. పత్తి మార్కెట్ యార్డు ధరలు రాసుకునేవాడికి ఇది చిన్న పని కాదు.

గోష్ట్ బంద్ చేయనక్కర్లేదు, ముందు అది చెప్పేస్తాను. తిన్న ప్రోటీన్‌ను కడుపు ముక్కలు చేసేస్తుంది. మెదడులో పేరుకునేది మెదడే తయారు చేసుకునేది.

ప్రోటీన్ అంటే ఒక దారం. 20 రకాల అమైనో ఆమ్లాలు ఒకదాని వెనక ఒకటి గుచ్చిన తస్బీహ్ అనుకోండి, లేదా 20 హురూఫ్‌తో రాసిన లంబా లఫ్జ్ అనుకోండి. ఎమ్మిగనూరు మగ్గం మీద దారం ఊరికే చీర అయిపోదు. పడుగు వేయాలి, పేక ఆడాలి, ఒక మనిషి పొద్దంతా గుంటలో కాళ్లు పెట్టి కూచోవాలి. ప్రోటీన్ దారానికి నేతగాడు లేడు. ఏ హర్ఫ్ పక్కన ఏ హర్ఫ్ ఉందన్న దాన్నిబట్టి అది ఖుద్-బ-ఖుద్ ముడుచుకొని ఒక ఆకారం తెచ్చుకుంటుంది. ఆకారాన్నిబట్టే దాని పని. కొన్నిసార్లు ఆ ముడత సరిగ్గా పడదు. సరిగ్గా పడనివి ఒకదానికొకటి అతుక్కుంటాయి.

ఇది మనకు కొత్తేం కాదు, మోతియాబింద్ అదే. కంటి కటకంలో క్రిస్టలిన్ అనే ప్రోటీన్లు ఉంటాయి. వయసుతో అవి ముద్దకట్టి కటకం మసకబారుతుంది. వాటిల్లోనే ఆల్ఫా క్రిస్టలిన్ అనేది మిగతా వాటిని అతుక్కోకుండా కాపలా కాస్తుందని 1992లో అమెరికాలో జోసెఫ్ హార్విట్జ్ చూపించాడు. మన హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీలో చింతలగిరి మోహన్ రావు ఏళ్ల తరబడి ఆ కాపలాదారు మీదే తహ్ఖీఖ్ చేశారు, తర్వాత ఆ సంస్థకు డైరెక్టర్ కూడా అయ్యారు. అమ్మీకి రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. పాడైన కటకం తీసి కొత్తది పెట్టారు. దిమాగ్‌కు ఆ వెసులుబాటు లేదు.

1906లో జర్మనీలో ఆలోయిస్ అల్జైమర్ అనే డాక్టర్ ఒకప్పుడు తాను చూసిన, తర్వాత చనిపోయిన ఒక ఔరత్ మెదడును సూక్ష్మదర్శిని కింద చూశాడు. ఆగస్టె డెటర్ ఆమె పేరు. ఆసుపత్రికి వచ్చేటప్పటికి వయసు 51, అంటే సఠియానాకు ఇంకా తొమ్మిదేళ్లు తక్కువ. కణాల మధ్య మచ్చలు, కణాల లోపల చిక్కుపడ్డ పోగులు కనిపించాయి. మచ్చల్లో ఉన్నది అమైలాయిడ్ బీటా, 40 లేదా 42 హురూఫ్ ఉన్న చిన్న ముక్క. చిక్కుల్లో ఉన్నది టావ్ అనే ఇంకో ప్రోటీన్. రాషా, అంటే పార్కిన్సన్స్‌లో ఆల్ఫా సిన్యూక్లిన్ ఇదే పని చేస్తుంది. పేర్లు వేరు, కట్టుకునే ఇమారత్ మాత్రం ఒకే తరహా. సాఫ్‌గా చాపుకున్న పోగులు నిచ్చెన మెట్లలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతాయి. మెట్టుకూ మెట్టుకూ మధ్య 0.48 నానోమీటర్లు. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక నానోమీటరు, అందులో సగం కూడా లేదు.

పాలు తోడుపెట్టే ఇంటివాళ్లకు ఇంకో సంగతి సులువుగా అర్థమవుతుంది. ఈ పేర్పు మొదలవడానికి చాలా కాలం పడుతుంది. మొదటి పోగు తయారయ్యాక అది జామన్‌లా పనిచేస్తుంది. చెంచాడు పెరుగు గిన్నెడు పాలను తోడేసినట్టు, మిగతా ప్రోటీన్లను తన ఆకారంలోకి లాక్కుంటుంది. అందుకే అమైలాయిడ్ పేరుకోవడం మరుపు బయటపడటానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందే మొదలవుతుంది. అంటే ఖట్టీ దాల్‌లో ఉప్పు రెండుసార్లు పడ్డ రోజు మర్జ్ మొదలు కాలేదు. అమ్మీ మా షాదీల్లో వందమందికి దేగ్‌చీలు దగ్గరుండి దించుతున్న రోజుల్లోనే లోపల అది నడుస్తుండొచ్చు. జాన్ బూఝ్ కే అన్న భాయిజాన్‌కు ఇది చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. (జామన్ అన్నానని ఎంగిలి భయం పెట్టుకోకండి. ఒకే దస్తర్‌ఖాన్ మీద తింటే, ఒకే గిలాసలో తాగితే ఈ బీమారీ అంటుకోదు.)

ఇంతవరకూ చదివాక నాకు తట్టిన చిక్కు ఏమంటే, బతికున్న మనిషి దిమాగ్ తెరిచి ఈ పేర్పు జరుగుతుండగా చూడలేం. పోయాక చూస్తే అంతా అయిపోయి ఉంటుంది. మరి ఎలా నేర్చుకోవాలి? శాస్త్రవేత్తలు పట్టుకున్న దారి నాకు మొదట వింతగా అనిపించింది. తమంతట తామే పేర్చుకునే ప్రోటీన్లను వాళ్లే రాసి, తయారు చేసి, ఎందుకు అతుక్కుంటున్నాయో, ఏ హర్ఫ్ మారిస్తే అతుక్కోవడం మానేస్తాయో చూస్తారు. సైకిల్ ఎలా నడుస్తుందో తెలియాలంటే విప్పి బిగించాలి కదా. ఇక్కడ విప్పే వీలు లేదు, బిగించి చూడటమే మిగిలింది.

అమెరికా ప్రిన్స్‌టన్‌లో మైకేల్ హెక్ట్ ఈ పని ఎంత సాదాగా చేశాడో చూడండి. అమైనో ఆమ్లాల్లో నీళ్లంటే ఇష్టపడేవి కొన్ని, నీళ్లకు మొహం చాటేసేవి కొన్ని. ఒకటి ఇష్టం, ఒకటి అయిష్టం, మళ్లీ ఇష్టం, మళ్లీ అయిష్టం, ఇలా మార్చి మార్చి గుచ్చితే, చాపుకున్న పోగుకు ఒక వైపంతా నీళ్లను తప్పించుకునేవే వస్తాయి. అవి దాక్కోవడానికి చోటు వెతుక్కుంటూ ఇంకో పోగు వీపుకు వీపు ఆనించుకుంటాయి. ఆయన ఖుదరత్‌లో ఎక్కడా లేని ప్రోటీన్లను ఈ నక్షాతో రాసి బాక్టీరియాతో తయారు చేయిస్తే, 1999లో అచ్చం అమైలాయిడ్ లాంటి పోగులు వచ్చాయి. ఎవరి మెదడు నుంచీ తెచ్చినవి కావు, ఏ బీమారీకీ సంబంధం లేనివి. నక్షా ఒక్కటే చాలింది. మరుసటేడు ఆయన బృందం మామూలు ప్రోటీన్ల జాబితాలు తిరగేసి, ఈ మార్చి మార్చి గుచ్చే వరస సహజంగా చాలా అరుదని చూపించింది. కుదరత్ ఆ నక్షాను తప్పించుకుంటూ వస్తోందన్నమాట. 2002లో అదే ప్రోటీన్ల అంచు పోగులో ఒక్క అయిష్టపు హర్ఫ్ తీసి, విద్యుదావేశం ఉన్న లైసిన్ పెట్టారు. పేర్పు ఆగిపోయింది, విడివిడిగా నీళ్లలో తేలాయి. ఒక్క హర్ఫ్. ఉర్దూ చదివినవాళ్లకు ఒక నుఖ్తాతో ఖుదా జుదా అయిపోయే సంగతి తెలుసు కాబట్టి ఇది మనకు ఎవరూ ఎక్కువ వివరించనక్కర్లేదు.

ఇదంతా విలాయతీ కథ అనుకోకండి. హైదరాబాద్ సీసీఎంబీలోనే ఆర్. నాగరాజ్ బృందం చిన్న చిన్న ప్రోటీన్ ముక్కలు తమంతట తాము ఎలా పేర్చుకుంటాయో చాలా కాలం పరిశీలించింది. 2009లో వాళ్లు టావ్‌లోని పొట్టి ముక్కలను తీసుకున్నారు. వాటిని ఏ ద్రావకంలో కరిగించామన్న దాన్నిబట్టి తయారయ్యే ఆకారమే మారిపోతోందని చూపించారు. దారం అదే, తడి మారితే నేత మారింది. చదవడానికి చిన్న సంగతి. కానీ పరీక్షనాళికలో తయారైన పోగు, మనిషి దిమాగ్‌లో తయారైన పోగు ఒకటేనా అన్న సవాల్ దీంట్లోనే ఉంది.

ఆ సవాల్‌కు జవాబు రావడానికి టైమ్ పట్టింది. 2017లో ఇంగ్లండ్ కేంబ్రిడ్జ్‌లో, అల్జైమర్స్‌తో పోయినవాళ్ల మెదళ్ల నుంచి తీసిన టావ్ పోగుల ఆకారాన్ని అణువు అణువూ తెలిసేంత దగ్గరగా చూశారు. అప్పటిదాకా ల్యాబుల్లో హెపారిన్ వేసి తయారు చేసుకుంటున్న టావ్ పోగుల ఆకారం వేరే అని తర్వాత తేలింది. అంటే నఖల్ సరిగ్గా లేదు. నఖల్ మీద దవా వెతికితే అసల్ మీద ఎలా పనిచేస్తుంది? 2022లో అదే కేంబ్రిడ్జ్ వాళ్లు టావ్‌లో ఎంత ముక్క తీసుకోవాలో, ఏ ఉప్పులు కలపాలో మార్చి మార్చి చూసి, మెదడులో దొరికినదాని ఆకారమే ఉన్న పోగును గాజుగొట్టంలో తయారు చేశారు. నాకైతే ఈ మొత్తం కథలో అన్నిటికంటే పెద్ద ఖబర్ ఇదే. పేపర్లలో ఎక్కడా పెద్దక్షరాల్లో రాలేదు.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను, జొన్నగిరి వాళ్ల నవాసాను కాబట్టి. ఆ ఊరికి దగ్గర్లోనే ఎర్రగుడి బండలున్నాయి, అశోకుడి శాసనాలున్నవి. వాటిల్లో చిన్న శాసనాన్ని చెక్కినవాడు కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, వెంటనే కుడి నుంచి ఎడమకు చెక్కాడు. తెలుగులా ఒక లైను, ఉర్దూలా ఒక లైను. ఒక వైపే చదవడం తెలిసినవాడు అక్కడ ఇరుక్కుపోతాడు. జీవుల ప్రోటీన్లలో అమైనో ఆమ్లాలు దాదాపు అన్నీ ఎడమచేతి వాటానివే. 2011లో లాస్ ఏంజెలెస్‌లో డేవిడ్ ఐసెన్‌బర్గ్, సియాటిల్‌లో డేవిడ్ బేకర్ బృందాలు కలిసి, టావ్‌లో పేర్పు మొదలుపెట్టే ఆరు హర్ఫ్‌ల ముక్కకు సరిగ్గా అతికేలా, కుడిచేతి వాటపు అమైనో ఆమ్లాలతో ఒక చిన్న ముక్కను కంప్యూటర్‌లో డిజైన్ చేశాయి. అది పోగు కొసకు టోపీలా కూచుంటుంది, తర్వాతి మెట్టు పడదు. గాజుగొట్టంలో టావ్ పోగులు పెరగడం మందగించింది. గాజుగొట్టంలో అంటున్నాను, గుర్తుపెట్టుకోండి. దవాఖానాలో అనలేదు.

ఆ బేకర్‌కే 2024లో కెమిస్ట్రీ నోబెల్‌లో సగం ఇచ్చారు, కొత్త ప్రోటీన్లను లెక్కగట్టి తయారు చేసినందుకు. మిగతా సగం ప్రోటీన్ ఆకారాన్ని ముందే చెప్పే ఆల్ఫాఫోల్డ్ చేసిన డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకు. బేకర్ ల్యాబ్ 2018లో, కోరుకున్న మందంతో తమంతట తామే పోగులుగా పేర్చుకునే ప్రోటీన్లను డిజైన్ చేసి చూపించింది. అక్కడి ఇల్మ్‌తోనే, తమంతట తామే బంతిలా కూడుకునే ప్రోటీన్లతో ఒక కోవిడ్ టీకా 2022లో కొరియాలో మంజూరైంది. టీకా వరకూ వచ్చింది. అమ్మీ బీమారీ వరకూ ఇంకా రాలేదు.

ఇప్పుడున్న ఇలాజ్ సంగతి రెండు మాటల్లో. అమ్మీ రాత్రి వేసుకునే గోలీ డోనెపెజిల్, అది ఉన్న కణాల మధ్య మాట కాస్త సాఫ్‌గా నడిచేలా చూస్తుంది, పోగుల జోలికి పోదు. పోగుల జోలికి పోయే లెకానెమాబ్ అనే ఇంజెక్షన్‌కు 2023లో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చింది. మర్జ్ మొదట్లో ఉన్నవాళ్లలో, 18 నెలల్లో జరిగే క్షీణతను దాదాపు 27 శాతం తగ్గించింది. పోయిన యాద్దాష్త్‌ను వాపసు తేదు, కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం. వాట్సాప్‌లో అల్జైమర్స్ పూర్తిగా నయం అని ఎవరైనా పంపితే, లోబాన్ ఆయనకూ వాళ్లకూ నాకు ఫరఖ్ కనిపించదు.

మన వాళ్లకు ఖాస్‌గా చెప్పాల్సిన తహ్ఖీఖ్ ఒకటి హైదరాబాద్ నిమ్స్‌లో జరిగింది. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా పేషెంట్లను చూసి 2013లో ప్రచురించింది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ ఏవైనా రెండు జబాన్లు, అంతకు మించి మాట్లాడేవాళ్లకు ఈ బీమారీ ఒకే జబాన్ వాళ్లకంటే సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువురాని వాళ్లలోనూ ఆ ఫరఖ్ కనిపించింది. పోగులు ఆగాయని కాదు, దిమాగ్ ఇంకొన్నాళ్లు తట్టుకుందని. సగటు లెక్కను ఒక మనిషికి అంటగట్టకూడదు, జర్నలిస్టుగా ఆ మాత్రం తెలుసు. అయినా జొన్నగిరి చేలల్లో నేర్చిన తెలుగు అమ్మీకి కొన్ని ఈద్‌లు ఎక్కువ ఇచ్చిందేమో అని అనుకుంటే ఎవరికి నష్టం?

ఇదంతా ఇంత తాపత్రయపడి ఎందుకు రాస్తున్నానంటే, మా భతీజీకి ఎమ్మిగనూరు నుంచి రిష్తా వచ్చింది. లడ్కావాలే వచ్చే రోజు అమ్మీని ఖాలా ఇంట్లో ఉంచుదామంది భాభీ. ఆమె డర్ నాకు అర్థమవుతుంది. "దాదీకి దిమాగ్ బీమారీ అంటే పోతీకీ వస్తుందంటారు" అంది. మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో అంచనా వేశారు. అంతమందిని ఎన్ని వెనక గదుల్లో దాస్తాం? మౌరూసీ సంగతి కూడా చదివాను. కొన్ని జన్యువుల్లో మార్పు వల్ల తరతరాలా కచ్చితంగా దిగివచ్చే రకం ఉంది, అది వందలో ఒకటి కంటే తక్కువ, సాధారణంగా నలభై, యాభైల్లోనే బయటపడుతుంది. అమ్మీలా డెబ్బైలో వచ్చేదానికి వయసే పెద్ద కారణం. కుటుంబంలో ఉంటే అవకాశం కొంత పెరుగుతుంది, రాసిపెట్టినట్టు కాదు.

అమ్మీ ఆ రోజు ఇంట్లోనే ఉంది, మేమందరం కూచున్న తఖ్త్ మీదే. షీర్‌ఖుర్మా తాగి, మెహమాన్లను మీరెవరని మూడుసార్లు అడిగింది. వాళ్లు వెళ్లేటప్పుడు నేను రెండు కాగితాలు ఇచ్చాను, ఇక్కడ రాసిందంతా కుదించి. లడ్కా దాదాకు ఉర్దూలో, లడ్కాకు తెలుగులో.

పది రోజులకు లడ్కా అబ్బా ఫోన్ చేశాడు. రిష్తా ఊసు ఎత్తలేదు. వాళ్లమ్మ కొన్నాళ్లుగా పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతోందట, మొన్న మస్జిద్ గల్లీలో దారి తప్పిందట. "ఆ కర్నూలు డాక్టర్ ఏ రోజుల్లో చూస్తాడు భాయ్?" అని అడిగాడు. చెప్పాను.